ఇంకా తడవని తోక

ఏమండీ,

ట్యాంకరు సాయంత్రం వస్తుంది, డ్రమ్ములు నింపండి. పప్పు చేసి పెట్టాను, అన్నం మీరే వండుకోండి. నేను ఒంగోలు బస్సుకు పోతున్నాను. రాత్రికి అక్క ఇంట్లో ఉండి, రేపు పదింటికి అక్కడి ఈత క్లాసుకు వెళ్తాను.

దండెం మీద ఉన్నది నా చేపతోక. ఎదురింటి చాంద్‌బీ మళ్ళీ "ఏందన్నా, ఇంత పొడుగు దిండు గలీబు?" అంటే, ఈతకు కాళ్ళకు తొడుక్కునేదని నవ్వకుండా చెప్పండి. దాన్ని ఉతకకండి. గాలికి వేశానంతే, అది ఇంతవరకూ నీళ్ళే చూడలేదు.

"ట్యాంకరు నీళ్ళ మార్కాపురంలో జలకన్య ఏందే!" అని దుకాణంలో అందరినీ నవ్వించారు కదా. నా పేరులో కన్య ఎటూ ఉంది, జలమే తక్కువ. రెండు కాళ్ళూ కలిపి తన్నడం వచ్చేసింది. కానీ తోక తొడుక్కుంటే క్లాసువాళ్ళు కొలనులోకి ఒంటరిగా దిగనివ్వరు. గట్టున ఇంటి మనిషి ఒకరు చూస్తూ ఉండాలట. మిగతావాళ్ళకు ఎవరో ఒకరు వస్తారు, అక్కకేమో ఆ వేళకు తీరదు. నేను మాత్రం తోకను సంచిలో తీసుకుపోయి, సంచిలోనే తెచ్చుకుంటున్నాను.

కన్యక

తోకను మరిచిపోయి వదిలిపెట్టలేదండీ. రేపు ఆదివారమే, మొదటి బస్సుకు మీరే తీసుకురండి. నీళ్ళలోంచి తల ఎత్తగానే మీరు కనబడాలని ఉంది.