నాలుగో పీపా

జూన్ 11, మంగళవారం

పొద్దున్నుంచి సముద్రం మీది పొగమంచు కదల్లేదు. భూమికి ఈ దక్షిణపు కొసన జూన్ అంటే నడి చలికాలం, గోదాంలో వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మంచిదే, మా షార్డొనే తెల్ల వైన్‌కి చలే ప్రాణం. ఏడాదికి ఆరు పీపాలు, అంతే. మా అత్తయ్య ఔరిస్తేలా ముప్పై ఏళ్లుగా వాటిని ముక్కుతో కాపాడుకొస్తోంది. మా లెయ్‌దా చుట్టుపక్కల ల్యాబ్ రిపోర్ట్ కన్నా ఆవిడ ముక్కునే నమ్ముతారు. నేను పదకొండేళ్లుగా పీపాలు కడుగుతున్నాను.

జూన్ 25

కోడి పులుసు మాడిపోయింది. ఇల్లంతా పొగ. అత్తయ్య పొయ్యి పక్కనే కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది. అమ్మకి వయసొచ్చింది అన్నాడు మా ఆయన ఎలాదియో. నాకు నమ్మబుద్ధి కాలేదు.

జూలై 6, సాయంత్రం 5

ఇది ఎవరికీ చెప్పేది కాదు. అయినా రాస్తాను.

పీపాలో వైన్ తగ్గితే గాజు బుడ్డిలో దాచిన వైన్‌తో అంచుదాకా నింపాలి. లేకపోతే గాలి తగిలి పాడవుతుంది. నింపేముందు బుడ్డిని వాసన చూడాలి. ఆ రూల్ పెట్టింది అత్తయ్యే.

ఈరోజు గుమ్మంలో అడుగు పెట్టగానే వెనిగర్ ఘాటు. ఆవిడేమో గ్లాసు ముక్కుకి ఆనించుకుని, శుభ్రంగా ఉందంటూ, బుడ్డిని నాలుగో పీపాలో వంచేస్తోంది. ఒక్క చుక్క నోట్లో వేసుకున్నా తెలిసేది. కానీ ముక్కుండగా నోటిని అడగడం ఆవిడకి నామోషీ.

వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు చెప్పింది. ఏప్రిల్లో జ్వరం వచ్చినప్పటి నుంచీ వాసన లేదట. కాఫీ లేదు, సముద్రం లేదు.

"ఎలాదియోకి చెప్పకే. ముక్కు లేని ఔరిస్తేలా ఎవరిక్కావాలి?"

కోపం రావాలి నాకు. రాలేదు. జాలేసింది. అంతకన్నా సిగ్గేసింది. ఒకే కప్పు కింద ఉండి మూడు నెలలు కనిపెట్టలేకపోయాను.

జూలై 7

నాలుగో పీపా వెనిగర్‌కే. మిగిలినవి అయిదు.

ఆగస్టు 10, శనివారం

వాల్పరైసో నుంచి బెలిసారియో గారు రుచి చూడ్డానికొచ్చారు. ఏటా మా వైన్ అంతా ఆయన రెస్టారెంట్‌కే. ఆయన కాదంటే ఇక ఔరిస్తేలా పని అయిపోయిందని ఊరంతా అనుకుంటుంది. అందుకే అత్తయ్యా నేనూ ప్లాన్ వేశాం. నేను చెవి గోక్కుంటే వైన్‌లో తడి రాయి వాసన ఉన్నట్టు, దగ్గితే పచ్చి ఆపిల్. అచ్చం కాపీ కొట్టే పిల్లల్లా.

ఈసారి ఏం వాసనొస్తోందని ఆయన అడిగారు. దగ్గాను. మళ్లీ దగ్గాను. అత్తయ్య నా వంక చూసి, తన గ్లాసు నా చేతిలో పెట్టింది.

"నా ముక్కు చచ్చిపోయింది బెలిసారియో గారూ. నాలుక బతికే ఉంది. పులుపు నిలబడింది, ఆ మాట నాది. మిగతాది మా కోడల్నడగండి."

పదకొండేళ్లలో నన్నెవరూ అడగలేదు. వాన వెలిశాక సున్నం గోడ, అన్నాను. పచ్చి ఆపిల్, నిమ్మ తొక్క. వెనకెక్కడో పచ్చి బాదం.

ఆయన మళ్లీ వాసన చూశారు. సున్నం గోడ నిజమే, తనకే తట్టలేదు సుమా అన్నారు. అయిదూ తీసుకుంటానన్నారు. ఆరోది ఏమైందంటే అత్తయ్యే చెప్పింది, దాచకుండా. ఎలాదియో తల్లి పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

సెప్టెంబర్ 17

రేపటి స్వాతంత్ర్య పండక్కి ఎంపనాడాలు, మాంసం ఉల్లిపాయలు కూరిన కజ్జికాయల్లాంటివి. అత్తయ్య మూడు కిలోల ఉల్లిపాయలు తరిగింది. కళ్ల వెంట ఒకటే ధార. ఎలాదియో కంగారుపడి కత్తి లాక్కోబోయాడు.

"ఉండరా. ఇవొక్కటే నన్నింకా మర్చిపోలేదు."