సిద్ధంగా ఉండే దళం

విజయవాడ, హాస్టల్

దూరాన ఉన్న మా అన్నయ్యకు,

ఉత్తరం రాయడం ఎంత బాగుంటుందో నాకు ఈమధ్యే తెలిసింది. కాలేజీ వక్తృత్వ పోటీకి నేను తీసుకున్న అంశం నీ శాంతిసైనికుడి ఉద్యోగమే! ఊచకోత మొదలయ్యాక సైనికుల కోసం దేశదేశాన్నీ బతిమాలుకోకుండా, ఐక్యరాజ్యసమితికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే సొంత శాంతిదళం కావాలని నా వాదన. పెడనలో మన నేతవాళ్ళ వీధే నా ఉదాహరణ. గంజి పెట్టిన పడుగు దారాలను వీధి పొడవునా ఆరగట్టినప్పుడు చినుకు పడితే, పిలిచేదాకా ఎవరైనా ఆగుతారా? అమ్మతో మాటల్లేని హనుమాయమ్మత్త కూడా “మీ అమ్మ మొహం చూడను గానీ, ఆ కొస పట్టవే మొద్దూ!” అంటూ పరిగెత్తుకొస్తుంది. దారం తడుస్తుందంటేనే అలా వస్తామే, మనుషులు చస్తుంటే మీటింగులా? ఈ వాక్యం రాసి నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను. మీరు సమయానికి వెళ్ళి కాపాడిన ఊరు ఒక్కటి చెప్పు, ముగింపులో పెడతాను. నువ్వు వచ్చే నెల ఇంటికొచ్చేసరికి కప్పు చూపిస్తాను.

నీ చెల్లి,
మాధురి

---

చిట్టి చెల్లికి,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. నువ్వడిగిన ఊరు నా దగ్గర లేదమ్మా. ఒక ఊరివాళ్ళు రమ్మని ఫోన్ చేశారు. తుపాకులు పట్టుకుని కూర్చున్నాం. హెలికాప్టర్లు ఒక దేశానివి, మేమొక దేశం, ఎవరి అనుమతి వాళ్ళకి రావాలి. వచ్చేసరికి ఆ ఊళ్ళో ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. వెళ్తే ఒక ముసలామె మిగిలింది. తిట్టలేదు. కూర్చోమని పీట వేసింది. తిరిగొచ్చి సామాను సర్దుకున్నాను, ఇక సైన్యమే వద్దనుకున్నాను. అప్పుడే నీ ఉత్తరం అందింది. కబురు రాగానే బయల్దేరే చిన్న బృందంలో ఇంకో ఏడాది ఇక్కడే ఉండి పనిచేసేవాళ్ళు కావాలంటున్నారు. పేరిచ్చాను. “నీ చెల్లెలు నిన్ను ఇరికించిందిరా” అని బెన్నీ నవ్వాడు, మా బ్యారక్‌లో నా పక్క మంచం అతనిది. ఇది నువ్వు చెప్పే దళం కాదు. అనుమతుల గొడవ అలాగే ఉంటుంది. అయినా మన వీధివాణ్ణి కదా, కూర్చోలేకపోయాను. వచ్చే నెల రావడం లేదని నాన్నకి నువ్వే చెప్పాలి.

దుర్గాశంకర్

---

అన్నయ్యా,

కప్పు వచ్చింది. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. ‘సైనికులు’ అని రాసినప్పుడు నాకు శాంతిదళం నీలిరంగు టోపీలే కనిపించాయి, వాటి కింద మొహాలు లేవు. నీ మొహం అస్సలు లేదు. నా వాదన తప్పు, వచ్చెయ్యమని రాయబోయాను. ఆ కాగితం చింపేశాను. అందరూ నాలాగే తమవాళ్ళని వెనక్కి పిలిస్తే ఆ ముసలామె దగ్గరికి వెళ్ళేదెవరు? కానీ నువ్వున్నా అనుమతి సమయానికి రాదని నువ్వే అంటున్నావు. నిన్న ఇంటికెళ్ళాను. నాన్న “మీ అన్న గదికి రంగు కొట్టించా, చూడవే, మరీ పచ్చగా లేదుగా?” అన్నారు. బాగుందన్నాను. నువ్వు రావని మాత్రం చెప్పలేదు. ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే నేను తియ్యను. తీస్తే వచ్చెయ్యమంటాను.

మాధురి