అలిగిన శనివారం

సెప్టెంబర్ 15, సోమవారం

భీమిలి నుంచి మెయిల్ వచ్చింది. బీచ్ దగ్గర ఒక హాల్లో వీకెండ్ ఆర్ట్ ఎగ్జిబిషన్. శనివారం 27న సాయంత్రం నా స్లాట్. జనం ముందే నిలువెత్తు బతుకమ్మను పేర్చి, తర్వాత సముద్రంలో వదలాలి. ఫైన్ ఆర్ట్స్ చదివానన్న మాటే గానీ ఇంతవరకు నా పేరుతో ఒక్క షో లేదు. పెళ్లయ్యాక గీసిందల్లా మా ఆయన నవీన్ గాజుల షాపు బోర్డు.

పేర్చేది మాత్రం మా అత్తమ్మ రాజేశ్వరి. హనుమకొండలో ఆమె పేర్చిన బతుకమ్మ పద్మాక్షి గుడి కోనేరు, గుండం దాకా మోసుకెళ్లినా ఒక్క పువ్వు జారదు. పెళ్లయినప్పటి నుంచి ఆమె పక్కన కూర్చుని పూలందిస్తూ నేర్చుకుంటున్నాను. కాలేజీలో కూడా ఇంత నేర్చుకోలేదు. అడగ్గానే వస్తానంది, సముద్రం ఎప్పుడూ చూడలేదట. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. అదే భయం.

సెప్టెంబర్ 18, గురువారం

మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ ఆదివారం. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు ఎవరూ పేర్చరు. వేళ్ల మీద లెక్కపెట్టాను. శుక్రవారం వచ్చింది. మాది శనివారం. బతికిపోయాం. ఆర్గనైజర్ ఓంప్రకాశ్ గారికి కన్ఫర్మ్ అని పెట్టేశాను.

సెప్టెంబర్ 24, బుధవారం

కొంప మునిగింది.

గుడి నుంచి వచ్చి అత్తమ్మ చెప్పింది. ఈసారి ఒక తిథి రెండు రోజులొచ్చిందట. పంతులు గారి లెక్కలో అలిగిన బతుకమ్మ శనివారమట. పాల ప్యాకెట్ రాలేదన్నంత మామూలుగా చెప్పి బియ్యం ఏరుకుంటోంది. నేను రోజులు లెక్కపెట్టాను, తిథులు చూడలేదు.

ఓంప్రకాశ్ గారికి ఫోన్ చేశాను. పోస్టర్లు వేసేశారట, ఆదివారం స్లాట్లు లేవట. పూలే కదా, అడ్జస్ట్ అవ్వండి మేడమ్ అన్నాడు.

సెప్టెంబర్ 25, గురువారం

పొద్దున్నుంచి పోట్లాట. ఒక్కసారికి ఏమవుతుందన్నాను. షో అన్నాను, ఏడ్చాను కూడా. ఆమె గొంతు పెంచలేదు.

"అలిగిన ఆడిపిల్లను జుట్టు వట్టి గుంజుకొచ్చి ఆడిపిస్తరా? ఆ దినం నువ్వు పూలు ముట్టినవంటే, మల్ల నా పక్కన పూలకు కూసోకు."

భీమిలికి మాత్రం వస్తుందట. మాటిచ్చింది కాబట్టి. నవీన్‌ని అడిగితే మీ ఇద్దరి మధ్య నేను రాను అని షాపుకి వెళ్లిపోయాడు. పెద్ద మగాడు.

సెప్టెంబర్ 26, శుక్రవారం, రైల్లో

ధర్మసాగర్ వైపు నుంచి కోయించిన గునుగు, తంగేడు పూలు గోనెసంచుల్లో ఉన్నాయి. నీళ్లు చల్లుతూ కూర్చున్నాను. అత్తమ్మ కిటికీలోంచి చూస్తోంది. వరంగల్ దాటినప్పటి నుంచి ఒక్క మాట లేదు. బతుకమ్మ అలిగేది రేపు, ఈమె ఇవాళే మొదలుపెట్టింది.

సెప్టెంబర్ 27, శనివారం, నాలుగు గంటలు

నేనే పేరుస్తాను.

అదే రోజు, రాత్రి

పేర్చాను. నిలువెత్తు కాదు, నడుము దాకా వచ్చింది. కాస్త ఒరిగింది కూడా. హాలు నిండా జనం, అందరూ చప్పట్లు కొట్టారు. అత్తమ్మ మూలన ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా చూసింది. ఆమె చూస్తుంటే ఒక్కో కట్టా బండరాయిలా బరువెక్కింది.

తర్వాత సముద్రం. గుండంలో వదిలినట్టే మోకాలి లోతులో వదిలి, చేత్తో మెల్లగా తోశాను. అక్కడైతే తేలుతూ తనే వెళ్లిపోతుంది. ఇక్కడ అల వచ్చి ఎత్తి నా కాళ్ల దగ్గర పడేసింది. మళ్లీ తోశాను. మళ్లీ తెచ్చింది. మూడోసారి విడిపోయింది. ఇసుక నిండా తంగేడు. ఎవరో నవ్వారు, ఫోన్లన్నీ నా మీదే. అల ఏదైనా ఒడ్డుకే తెస్తుందని తెలుసు. అయినా ఇంకోసారి తోయడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు అత్తమ్మ చీర తడుపుకుంటూ నీళ్లలోకి దిగింది. బతుకమ్మ పైన పెట్టిన పసుపు గౌరమ్మను వెతికి తీసి కొంగులో పెట్టుకుంది. ఆమె జీవితంలో మొదటిసారి సముద్రంలో అడుగుపెట్టింది ఇందుకు.

"రానని జెప్పింది. నువ్వు ఇనలే."

నన్ను చూడకుండానే లాడ్జికి నడిచింది. అప్పటి నుంచి గోడ వైపు తిరిగి పడుకుంది. సారీ చెప్పాను. దుప్పటి మొహం మీదికి లాక్కుంది. ఓంప్రకాశ్ గారి నుంచి మెసేజ్, షో సూపర్ హిట్ అట. ఫోన్ మంచం మీద విసిరేశాను.

సెప్టెంబర్ 28, ఆదివారం, పొద్దున

లాడ్జి వరండాలో అత్తమ్మ ఒక్కతే పేరుస్తోంది. మిగిలిన పూలతో, చిన్నది. నన్ను పిలవలేదు.

వెళ్లి పక్కన కూర్చున్నాను. లేవమనలేదు. గునుగు కట్ట అందించాను. కింద పెట్టింది. తంగేడు అందించాను. అదీ కింద పెట్టింది.

ఇంకో కట్ట పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు.

తీసుకుంది.