దూడ సంగతి రాయి, బాపూ

ఇబ్రహీంపట్నం, ఫస్లీ 1352

బాపూ, ఇక్కడ మేమంతా బాగున్నాం. యాచారంలో మీరూ బాగున్నారని తలుస్తాను.

మిడిల్ పరీక్ష దగ్గరపడ్డదని తమ్ముడు బాల్‌రెడ్డి అన్నం ముట్టడం లేదు. నిన్న ఉర్దూ పుస్తకం ముందేసుకుని ఏడ్చాడు. "ఫేలైతే బాపు నన్ను ఇంట్లకు రానిస్తడా అక్కా?" అన్నాడు. "పుస్తకం మూసి జర బాయికాడికి రా" అని తీసుకుపోయి సాయంత్రందాకా ఎడ్లతో నీళ్ల మోట తోలించాను. వచ్చి రెండు రొట్టెలు తిని హాయిగా నిద్రపోయాడు. వాడికి పని చెప్పొద్దన్నావు. కోప్పడితే నన్ను కోప్పడు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కారప్పొడి అయిపోయింది, పంపించు.

నీ కార్డుల్లో పరీక్ష మాటే ఉంటున్నది. వాడు మాత్రం అక్కడ తను పెంచిన దూడ మాట కోసం వెతుక్కుంటున్నాడు. పాసైనా ఫేలైనా దానికి మేత వేసేది వాడేనని రాయి.

అమ్మకు దండాలు.
నీ బిడ్డ అనంతమ్మ