తలుపు మీది పేరు

మంగళవారం, కామారెడ్డి

ఎల్లారెడ్డి నుంచి రాజన్న ఈరోజు కారును పాలిష్ కోసం మా షెడ్డుకు తెచ్చాడు. రంగు వేసి నెల దాటింది. అది బాగా గట్టిపడేదాకా పాలిష్ వద్దని నేనే చెప్పాను.

ఆ కారు ఎడమ తలుపు మీద ఆయన కొడుకు చిన్నప్పుడు మేకుతో తన పేరు గీశాడు. కిందటేడు తండ్రితో గొడవపడి ఇల్లు విడిచినవాడు ఇంతవరకు ఫోన్ కూడా చేయలేదు. "వాని పేరు నాకు కనవడొద్దు," అని రాజన్నే రంగు వేయించాడు. నేను గీతలు అరగదీసి, లప్పం నింపి, రంగు కొట్టాను.

ఈరోజు మెత్తటి బట్టతో తలుపు రుద్దుతుంటే, ఆయన ఆ బట్ట అడిగి తీసుకున్నాడు. ఒకే చోట మెల్లగా తుడుస్తూ, "ఇక్కడనే ఉండె గదా తమ్మీ?" అన్నాడు.

"అవునన్నా. ఏమన్న కనవడుతుందా?"

"ఏం కనవడ్తలేదు. మంచిగ చేసినవ్."

బట్ట మాత్రం తిరిగివ్వలేదు, అక్కడే తుడుస్తూ ఉన్నాడు. ఆయన చెప్పిన పనే చేశాను. మరి తప్పు చేసినట్టు ఎందుకుంది? రంగు కొట్టేముందే ఒక్కసారి, పేరు ఉంచుదామా అని అడగాల్సిందా? అడిగితే తిట్టేవాడేమో.

పోయేముందు ఆయన తలుపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"మళ్ల గట్లనే రాయొస్తదా?" అని అడిగాడు.

అరగదీసేముందు ఆ అక్షరాలు ఎలా ఉండేవో గుర్తుచేసుకోబోయాను. ఇప్పటికీ గుర్తుచేసుకుంటున్నాను.