ఇసుక ఫోటోలో మీసాలాయన

జాబ్రియా, కువైట్, 2వ తేది

మా ఇంటాయనకు అంకాలమ్మ నమస్కారాలు.

నేను క్షేమం. మీ ఫోన్‌కు ఒక ఫోటో, దాన్ని తెరిచే యాప్ పంపినాను. ఫోటో ఇసుక చల్లినట్టు ఉంటుంది, భయపడొద్దు. నేను పనిచేసే ఇంటి మామా, అదే మా యజమానురాలి కూతురు కాలేజీలో చదివే విద్య అది. ఒక అంకెతో లెక్క మొదలుపెట్టి ఫోటోలోని చుక్కలన్నీ చెల్లాచెదురు చేస్తుంది. అదే అంకె కొడితేనే అవి మళ్లీ సర్దుకుంటాయి. ఫోటో ఒక దారిలో, అంకె ఇంకో దారిలో పోవాలంట. అందుకే ఈ ఉత్తరం.

అంకె: 0.48370

చూసి సరే అనో, వద్దు అనో రాయండి. నెలాఖరుకు మామా ఇంకో రెండేళ్లు ఇక్కడే పనిచేస్తానన్న కాగితం మీద నా సంతకం అడుగుతుంది. పెట్టేదీ లేనిదీ మీ జవాబును బట్టే.

ఇట్లు
అంకాలమ్మ

తా.క. ఫోన్లో ఈ మాట ఎత్తొద్దు, మీరు స్పీకర్ పెడితే ఊరంతా వింటుంది. ఉత్తరం తెచ్చే పోస్టుమాన్ జిలానీ బాషా అన్న కూడా విప్పి చదివే మనిషే. అన్నా, చదివితే చదివినావు, మళ్లీ అంటించు.

రాయచోటి, 7వ తేది

అంకాలమ్మకు సిద్ధయ్య రాయునది.

అంకె మూడుసార్లు కొట్టినాను. ఒక ఇసుక పోయి ఇంకో ఇసుక వచ్చింది. నాలుగేళ్లుగా తాళం లేని ఫోటోలు పంపినదానివి, దీనికెందుకు తాళం? కుడిపక్క చుక్కలు నల్లగా ఉన్నాయి. ఎవరో నిలబడినట్టుంది. ఎవరాయన?

ఇట్లు
సిద్ధయ్య

తా.క. మీసాలు కూడా కనిపిస్తా ఉన్నాయి.

జాబ్రియా, 12వ తేది

మా ఇంటాయనకు,

మీసాలంట. అంకెలో ఇసుమంత తేడా వచ్చినా ఫోటో మొత్తం పాడవుతుందని ఆ పిల్ల చెప్తోంది. మీరు నిజంగా తెరవలేకపోయినారా, లేక చూసి కూడా, వద్దని చెప్పలేక ఈ మీసాల కథ అల్లినారా? నాకు అదే అనుమానం.

అంకాలమ్మ

తా.క. ఫోటో ఇంకెవరికీ చూపించొద్దు.

రాయచోటి, 17వ తేది

అంకాలమ్మకు,

మొబైల్ అంగట్లో, టీ కొట్టులో, మన వీధిలో తప్ప ఎవరికీ చూపించలేదు. పక్కింటి బుడేన్‌బీకి ఇద్దరు మొగోళ్లు కనిపించినారంట. నువ్వు సంతకం పెట్టుకో. ఆ మీసాలాయన దగ్గరే ఉండు.

సిద్ధయ్య

తా.క. అంకె తప్పు కొట్టినానని మాత్రం అనొద్దు. చివర సున్నా ఉంటే శుభం కాదని, పెళ్లిలో నూటపదహార్లు చదివించినట్టు, పక్కన ఒకటి చేర్చి మరీ కొట్టినాను.

జాబ్రియా, 22వ తేది

స్వామీ,

ఆ ఒకటి తీసేయండి.

అంకాలమ్మ

తా.క. ముప్పయ్యో తేది సంతకం. మీరు వద్దంటే పెడతాను, ఏడుస్తానే పెడతాను.

రాయచోటి, 26వ తేది

అంకాలూ,

తీసేసినాను. తెరుచుకుంది. నీ చేతిలో విమానం టికెట్టు, అక్కడి పని ఖలాస్ అని నవ్వు. కుడిపక్క గోడకు మన పెళ్లి ఫోటో. మీసాలాయన నేనే. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. సంతకం పెట్టొద్దు. వచ్చెయ్.

నీ సిద్ధయ్య

తా.క. తాళం ఎందుకు వేసినావో ఇప్పుడు అర్థమైంది. టీ కొట్టులో తెరిచినాను, టికెట్టు మీద నువ్వొచ్చే తేది ఊరంతా చదివింది. ఎవరికేం తేవాలో లిస్టు వెనక ఉంది. బుడేన్‌బీకి అత్తరు, మొబైల్ అంగడాయనకు దుప్పటి, జిలానీ బాషాకు మంచి జిగురు. మొత్తం ముప్పై అయినాయి. చివర సున్నా శుభం కాదని నేనూ ఒకటి చేర్చినాను. అది నువ్వే. బరువు ఎక్కువైతే మిగతా ముప్పై అక్కడే పడేసి రా.