తెల్ల చీర మీద పసుపు ప్రయోగం

నాచారం,
2-5-2004

చంద్రికకు,

నేనూ కీర్తనా కులాసా. నీ చీర కూడా కులాసాయే, కంగారు పడకు.

సెలవులు కదా, కాస్త కెమిస్ట్రీ నేర్పుదామని పసుపు నీళ్లలో సబ్బు కలిపి ఎర్రగా మార్చి చూపించాను. మర్నాడు నేను ఆఫీసుకి వెళ్లాక, అమ్మాయి నీ తెల్ల వెంకటగిరి చీర కొంగుకి పసుపు పూసి సబ్బు రుద్దింది. కింది వాటా కౌసల్యమ్మగారు ఆ ఎరుపు చూసి, "అయ్యో బిడ్డా, దెబ్బ యాడ తాకింది?" అని పరుగెత్తుకొచ్చారట. సాయంత్రం నన్ను గుమ్మంలోనే ఆపి, "చదువు జెప్పుడు మంచిదే సారూ, జర పాతగుడ్డ మీద జెప్పున్రి" అన్నారు. నిమ్మరసం పిండితే మరక మళ్లీ పసుపురంగుకి వచ్చింది. ఆవిడే ఉతికి రెండు రోజులు ఎండలో ఆరేస్తే పూర్తిగా పోయింది.

అత్తయ్యగారి కంటికి కట్టు విప్పారా? ఇంగువ ఏ డబ్బాలో పెట్టావు? వారం నుంచి చారు చప్పగా ఉంటోంది.

పట్టుచీర మీద కూడా రంగు ఇలాగే మారుతుందా అని కీర్తన అడుగుతోంది. బీరువా తాళాలు ఎక్కడ దాచావో మాత్రం రాయకు. ఇంటికొచ్చే కార్డులు నాకన్నా ముందు అదే చదువుతోంది.

అక్కడ పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు.

గిరిప్రసాద్